చెరువు గట్టున గాలం వెయ్యడానికి 98 రోజులు

2024 జూలై 14, ఆదివారం. పొద్దున్న ఆరున్నరకి ఆమదాలవలస వైపు ఒక ఊరి చెరువులో గాలం వేశాను. ఏడు కొట్టకుండానే చుట్టెయ్యాల్సి వచ్చింది. మళ్లీ అదే గట్టు మీద, ఈసారి జేబులో రసీదు పెట్టుకుని, గాలం వేసింది అక్టోబరు 20న. మధ్యలో 98 రోజులు. ఆ 98 రోజుల్లో ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని అడగాలి, ఎంత ఖర్చవుతుంది, ఎందుకు ఆపుతారు అన్నవి వరసగా రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆదివారం సరదాగా గాలం పట్టుకెళ్లే వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నాలాగే నీళ్లు ఎవరివో కనుక్కోకుండా దిగిపోతారు.

ఆ రోజు గట్టు మీదకొచ్చింది మత్స్యకార సొసైటీలో పెద్ద వయసు సభ్యుడు. కేకలు వెయ్యలేదు. "బాబూ, గేలం చుట్టీండి. ఇప్పుడు కడుపుతో ఉన్న చేప గట్టు వారకొచ్చి ఉంటాది. దసరా ఎల్లాక రండి" అన్నాడు. "సముద్రంలో నిషేధం గత నెలే అయిపోయింది కదా తాతా" అన్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం సముద్రంలో ఇంజను పడవలకి. చెరువుకీ నదికీ దానితో సంబంధం లేదు. మంచినీటిలో ఎక్కువ రకాల చేప గుడ్డు పెట్టేది వానలు పడ్డాకే. అంటే సముద్రం తెరిచిన నెలకల్లా మంచినీళ్లు మూసే రోజులు వస్తాయి. జలాశయాల్లో జూలై, ఆగస్టు నెలల్లో వేట ఆపేది అందుకే.

తాత నన్ను గట్టు చివరికి తీసుకెళ్లి తూటి పొదల మధ్య నీళ్లు చూపించాడు. చాటంత మేర నీటి మీద కుంకుమ చిలకరించినట్టు ఎర్రగా కదులుతోంది. దగ్గరగా వంగి చూస్తే అవి అగ్గిపుల్లలో సగం కూడా లేని కొర్రమీను పిల్లలు, కొన్ని వందలు. గాలి పీల్చుకోవడానికి ఒక్కసారిగా పైకొచ్చి, చిటచిటమని బుడగలు వదిలి, మళ్లీ కిందికి పోతున్నాయి. వాటి కింద జానెడు లోతులో నల్లటి నీడ ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. అది కాపలా చేప. ఆ రోజుల్లో దాని ముందు ఏది పడేసినా అందుకుంటుంది, ఆకలితో కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. రబ్బరు కప్ప ఎర వేసేవాళ్లకి వానకాలంలో కొర్రమీను సులువుగా పడేది ఇందుకే. తల్లినో తండ్రినో గాలంతో లాగేస్తే ఆ పిల్లల్ని గొరకలు, జెల్లలు, కొంగలు కలిసి ఒకటి రెండు రోజుల్లో ఊడ్చేస్తాయి. ఒక చేప కోసం కొన్ని వందలు పోతాయి. ఆ నీడని చూశాక గాలం చుట్టడానికి నాకు బాధ కలగలేదు. అంతకుముందు రెండు వానకాలాలు వేరే చోట నేను పట్టిన కొర్రమీనులే గుర్తొచ్చాయి.

ఇక్కడ ఇంకో సంగతి తెలిసి ఉండాలి. బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీళ్ల చెరువులో గుడ్డు పెట్టవు. వాటికి పారే వరద నీరు కావాలి. కాబట్టి నదిలో, నది మీద కట్టిన జలాశయంలో వానకాలపు మూసివేత ఆ మూడు రకాల కోసం. ఊరి చెరువులో అయితే కొర్రమీను, మట్టగిడస, మార్పు చేప, ఇంగిలాయి, పరిగెల కోసం, దానితోపాటు కొత్తగా వదిలే చేపపిల్ల కోసం. చెరువు నిండాక ఆగస్టు, సెప్టెంబరుల్లో వేలెడు పిల్లని తెచ్చి పోస్తారు. ఆ పిల్ల కాస్త ఎదిగేదాకా చిన్న గాలం వేస్తే చేపపిల్లలు పెదవి చిరిగి చస్తాయి. దసరా దాటాక రమ్మన్న మాట లెక్క ప్రకారం అన్నదే.

మర్నాడు, జూలై 15న, గ్రామ సచివాలయానికి వెళ్లాను. మత్స్య సహాయకుడు ఉన్న సచివాలయం అయితే సగం పని అక్కడే తేలుతుంది. నేను వెళ్లిన చోట ఆయన పక్క ఊరి పనిమీద వెళ్లారు, గురువారం దొరికారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఆ చెరువు పంచాయతీదా, శాఖదా?" నాకు తెలియదు. చిన్న చెరువుల్లో చేపల హక్కు పంచాయతీ వేలం వేస్తుంది. పెద్ద చెరువులు మత్స్యశాఖ ద్వారా సొసైటీకి లీజుకి వెళ్తాయి. జలాశయమైతే సొసైటీ సభ్యులకి లైసెన్సులు ఇస్తారు. మూడింటికీ అడగాల్సిన మనుషులు వేరు. సరదాకి గాలం వేసే వాడికంటూ విడిగా ఒక ఫారం ఉంటుందని అనుకుంటూ వెళ్లాను. నేను తిరిగిన ఏ బల్ల దగ్గరా అలాంటి ఫారం నా చేతికి ఇవ్వలేదు. హక్కు ఎవరి పేరున ఉందో వాళ్ల సమ్మతే మన పర్మిషను.

ఈ మాట మొదటి వారంలోనే అర్థమై ఉంటే నెల రోజులు మిగిలేవి. నేను మాత్రం తెల్ల కాగితం మీద "వినోదానికి గాలంతో చేపలు పట్టుటకు అనుమతి కోరుతూ" అని రాసి ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చాను. రసీదు తీసుకోలేదు. మూడు వారాలు ఎదురుచూశాను, రెండుసార్లు వెళ్లాను. ఒకసారి కాగితం కనపడలేదన్నారు, ఇంకోసారి ఇది మా పరిధి కాదన్నారు. అరవై కిలోమీటర్లు బండి మీద తిరిగిన పెట్రోలు, రెండు పూటల సెలవు పోయాయి. కాగితం ఎక్కడిచ్చినా రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం గురించి మళ్లీ వెళ్లి అడిగే దారి ఉండదు.

ఆగస్టు 5న సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. గ్రామ స్థాయిలో అయితే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. నేను 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మొత్తం 40 రూపాయల లోపే. మూడే అడిగాను: ఈ చెరువు చేపల లీజు ఎవరి పేరున ఉంది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, లీజు షరతుల కాపీ. ప్రశ్నలు పెరిగే కొద్దీ జవాబు పలచబడుతుంది, కాబట్టి అంతకు మించి అడగవద్దు. ఆగస్టు 22న ఉత్తరం వచ్చింది, తొమ్మిది పేజీలకి పేజీ 2 రూపాయల చొప్పున 18 కట్టమని. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మనం డబ్బు కట్టేదాకా 30 రోజుల గడువులో లెక్కకి రాదు. కాబట్టి అందిన రోజే కట్టెయ్యాలి. సెప్టెంబరు 4న కాగితాలు చేతికొచ్చాయి.

ఆ తొమ్మిది పేజీల్లో నాకు పనికొచ్చినవి నాలుగు ముక్కలు. లీజు జూలై 1 నుంచి జూన్ 30 లెక్కన నడుస్తుంది. హక్కు సొసైటీదే, ఇంకొకరికి బదలాయించకూడదు. పేలుడు మందు, విషం వాడకూడదు. సాగునీటి అవసరం ముందు, చేప తర్వాత. ఇందులో రెండోదే చిక్కు. సొసైటీ నాకు "గాలం హక్కు" అమ్మితే అది లీజు షరతుకి విరుద్ధం. పర్మిషనుకి వెళ్లే వాళ్లు ఈ ముక్క తెలుసుకుని వెళ్తే అవతలి వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. వాళ్లు డబ్బు కోసం బెట్టు చేస్తున్నారని నేను ఆగస్టు అంతా అనుకున్నాను. అది నా పొరపాటు.

సెప్టెంబరు 15, ఆదివారం, సొసైటీ మీటింగు రామాలయం అరుగు మీద. అరగంట నా సంగతే మాట్లాడారు. భయం రెండు రకాలు. ఒకటి, ఇవాళ ఒక గాలం, రేపు ఇరవై గాలాలు, ఎల్లుండి ఎవడో విసురు వల తెస్తాడు. రెండోది, పిల్ల కొన్నది వాళ్లు, రాత్రి కాపలా వాళ్లది, చేప మాత్రం పట్నం నుంచి వచ్చినవాడి సంచిలోకి పోతుంది. రెండూ న్యాయమైనవే. చివరికి పుస్తకంలో తీర్మానం రాశారు. పట్టిన చేప సొసైటీ పట్టిన చేప కిందే లెక్క, నేను దాన్ని గట్టు ధరకి కొనుక్కుంటాను. ఒక సభ్యుడు గట్టు మీద ఉండాలి, అతని పూట కూలికి గాలం వేసే మనిషి 150 రూపాయలు ఇవ్వాలి. ఇలా రాస్తే హక్కు ఎవరికీ బదలాయించినట్టు కాదు. అక్కడున్న వాళ్లెవరూ ప్లీడర్లు కాదు గానీ, ఇంత చక్కటి దారి ప్లీడరు కూడా చూపించి ఉండడు.

మిగతా షరతులు వాళ్లు చెప్పినవి చెప్పినట్టు: దసరా తర్వాత నుంచి మార్చి ఆఖరు దాకా, ఆదివారాలు మాత్రమే, పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం నాలుగు. మనిషికి ఒక కర్ర, కర్రకి ఒక గాలం. రోజుకి మూడు చేపలు. అరకిలో లోపు బొచ్చె, శీలావతి, మోసు ఏది పడినా వదిలెయ్యాలి. బతికున్న చేపపిల్లని ఎరగా గుచ్చకూడదు. మదుం (తూము) దగ్గర, అలుగు దగ్గర, చాకిరేవు దగ్గర కూర్చోకూడదు. చల్లే మేత అరకిలో దాటకూడదు, తినని మేత అడుగున కుళ్లి నీళ్లు పాడవుతాయి. సొసైటీ వల దించే రోజు గాలం ఉండదు. కొర్రమీను అక్టోబరులో పడినా, చుట్టుపక్కల ఎర్ర పిల్ల కనిపిస్తే దాన్ని వదిలెయ్యాలి.

అరకిలో అని గట్టు మీద ఎలా తేల్చాలి? తాసు తీసేలోపు చేప నీళ్ల బయట నిమిషం దాటిపోతుంది. శీలావతి అయితే మూతి నుంచి తోక చీలిక దాకా సుమారు 35 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర. బొచ్చె వెడల్పు చేప కాబట్టి అంత పొడవు లేకుండానే అరకిలో తూగుతుంది. నేను కర్ర పిడి మీద 35 దగ్గర ఎర్ర దారం చుట్టుకున్నాను. చేపని నీటి అంచునే ఉంచి దారంతో చూసుకుంటే చాలు. చెయ్యి తడిపే పట్టుకోవాలి. పొడి చేతికి జిగురు పొర ఊడొస్తుంది, అలాంటి చేప ఈదుకుంటూ పోయినా నాలుగు రోజులకి బూజు పట్టి తేలుతుంది. గాలం ముల్లు వెనక ఉండే చిన్న కొక్కెం ముక్కని ముందే పటకారుతో నొక్కేస్తే విడిపించడం రెండు సెకన్ల పని. గాలం దారం సడలనివ్వకపోతే చేప జారిపోవడం అనుకున్నంత ఉండదు.

అక్టోబరు 20. తెల్లవారుజామున ఐదుంపావుకి గట్టు చేరాను. తాత అప్పటికే వచ్చి బీడీ కాలుస్తున్నాడు. రసీదు రాయించుకున్నాను: తేదీ, 150 రూపాయలు, సంతకం. తొమ్మిది అడుగుల కర్ర, 0.30 మిల్లీమీటర్ల నైలాను దారం, 8 నంబరు గాలం, నీటి మీద తేలే నెమలి ఈక కాడ బెండు, బెండు మొన రెండు అంగుళాలు మాత్రమే పైకి కనిపించేంత సీసం. ఎర: తవుడు రెండు పాళ్లు, వేయించి దంచిన వేరుశనగ చెక్క ఒక పాలు, మైదా ఒక పాలు, వేడినీళ్లతో చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా. మొదటి గంట ఏమీ పడలేదు, ఎందుకంటే పిండి మెత్తగా కలిపాను. మూడు నిమిషాలకే కరిగి జారిపోతోంది, నేను ఉత్త గాలం ముందు కూర్చున్నాను. గుప్పెడు మైదా మళ్లీ కలిపి, బఠాణీ గింజంత ముద్ద చేసి, గాలం మొన కనిపించీ కనిపించకుండా పెట్టాక పదో నిమిషంలో బెండు పక్కకి వాలింది.

లోతు సంగతి ముఖ్యం. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున. అడుగు నుంచి జానెడు పైన పెడితే శీలావతి, అడుగున ఆనిస్తే మోసు, బంగారుతీగ. బెండు మునిగితేనే లాగాలనుకుంటారు చాలామంది. శీలావతి ముద్దని పెదాలతో తడుముతుంది, బెండు రెండుసార్లు వణికి పక్కకి నడుస్తుంది, ఆ నడకలోనే ఎత్తాలి. బెండు పడుకుంటే మాత్రం చేప ఎర నోట పెట్టుకుని పైకి లేచిందని అర్థం, వెంటనే ఎత్తాలి. ఆ రోజు పడ్డవి ఆరు. నాలుగు దారం కన్నా చిన్నవి, వెళ్లిపోయాయి. రెండు సంచిలోకి వచ్చాయి, కిలో 700 గ్రాములు. గట్టు ధర కిలో 130 చొప్పున 221 రూపాయలు. పూట కూలితో కలిపి 371. బజారులో అదే చేప అంతకన్నా తక్కువకే వచ్చేది. కానీ తొంభై ఎనిమిది రోజుల తర్వాత బెండు వాలినప్పుడు నా చేతులు వణికిన వణుకు ఇప్పటికీ మోచేతుల్లో ఉంది.

ఎర్రలు గుచ్చితే కథ వేరు. జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు వస్తాయి. ఇంగిలాయి రెక్క ముల్లులో విషం ఉంటుంది. నాకు నవంబరు 3న బొటనవేలికి తగిలింది, మోచెయ్యి దాకా మంట పాకింది. చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. తాత పక్క పాక నుంచి గిన్నెతో నీళ్లు కాచి తెచ్చాడు, అరగంటకి కాస్త తెరిపి వచ్చింది. అప్పటి నుంచి ఫ్లాస్కులో వేడి నీళ్లు పట్టుకెళ్తున్నాను. ఎర్రకి తాబేలు కూడా వస్తుంది. బరువుగా, కదలకుండా, రాయి లాగినట్టు ఉంటే అది తాబేలే. మన చెరువుల్లో దొరికే మెత్తటి అంచు తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, ఇంటికి తీసుకెళ్లడం నేరం. మెడ లాగకుండా, గాలం పైకి కనిపిస్తే పటకారుతో తియ్యాలి. లోపలికి మింగితే దారం నోటి దగ్గరగా కోసి వదలాలి. మార్పులా ఉండి రెండు మూడు కిలోలు తూగే మచ్చల చేప పడితే అది ఆఫ్రికా రకం కావచ్చు. దాని పెంపకమే నిషేధం. తిరిగి చెరువులో వెయ్యకుండా గట్టు మీదున్న సభ్యుడికి చూపించండి.

ఆదివారాలన్నీ దక్కలేదు. అక్టోబరు 27న గట్టు ఎక్కనివ్వలేదు, అంతకుముందు మూడు రోజులు దానా తుపాను హడావుడి, నీళ్లు టీ రంగులో ఉన్నాయి. బురద నీళ్లలో గాలం వెయ్యడం ఎలాగూ దండగ. కార్తీకంలో ఇంట్లో చేప వండరు కాబట్టి ఆ నెల పట్టినవన్నీ వదిలేశాను, 150 మాత్రం కట్టాను. డిసెంబరు, జనవరి చలికి మేత మందగిస్తుంది. ఆ రెండు నెలలు పొద్దున్న ఆరుకి వెళ్లడం అనవసరం, పదకొండు నుంచి మూడు దాకా ఎండ పడ్డ వైపు కూర్చోవాలి. జనవరి 12 పండగ వల, గాలం లేదు. ఆ రోజు ఉత్త చేతులతో వెళ్లి వల లాగడానికి చెయ్యి సాయం చేశాను. ఆ తర్వాత నుంచి సొసైటీ వాళ్లు నన్ను "గేలం బాబు" అని పిలవడం మొదలుపెట్టారు, కూర్చోవడానికి మంచి చోటు వాళ్లే చూపించేవారు.

గట్టు మీద కరెంటు తీగలు ఉన్నాయేమో తల ఎత్తి చూసుకోండి. కార్బను కర్ర కరెంటుని లాగుతుంది, తీగకి తగలకుండా దగ్గరికి వెళ్లినా ప్రమాదమే. ఆ చెరువు తూర్పు గట్టు మీదుగా లైను పోతుంది. అక్కడ నేను వెదురు కర్రే వాడతాను, అది కూడా పొడిది. తెగిన నైలాను దారం ఒక్క మూర కూడా వదిలి రావద్దు. పక్షుల విడిది తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకి చుట్టుపక్కల చెరువులన్నీ తిరుగుతాయి. కాలికి దారం చుట్టుకున్న కొంగ ఒకటి ఫిబ్రవరిలో తూటి పొదల్లో చచ్చి కనిపించింది. ఆ దారం నాది కాదు. అయినా ఆ రోజు గాలం వెయ్యబుద్ధి కాలేదు.

నది గురించి కొంచెమే. నాగావళి మీద నారాయణపురం, వంశధార మీద గొట్టా, ఇలాంటి ఆనకట్టల కింద వరద రోజుల్లో చేప ఎదురెక్కలేక గుంపుగా ఆగిపోతుంది. బకెట్లతో తోడుకున్నంత చేప కనిపిస్తుంది. అవన్నీ గుడ్డు పెట్టడానికి బయల్దేరినవి, అక్కడ గాలం వద్దు. తాటిపూడి జలాశయం లాంటి చోట్ల నీళ్లు జనం తాగడానికి పోతాయి, డ్యాము గోడ దగ్గరికి పోనే పోవద్దు. మందు పేల్చడం, విషం కలపడం 1897 నాటి మత్స్య చట్టం 4, 5 సెక్షన్ల కిందే నేరం. బ్యాటరీ తీగలతో కరెంటు పెట్టేవాళ్లు కనిపిస్తే నీళ్లలోకి దిగకుండా సొసైటీకి, పోలీసులకి ఫోను చెయ్యండి. చేప ఒక్కటే కాదు, పక్కన గేదెని కడిగే పిల్లాడు కూడా పోతాడు.

మార్చి 23తో ఆపేశాను, 30 ఉగాది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గి, తెల్లవారుజామున గాలి అందక చేప నోరు తెరుచుకుని పైకి తేలుతుంది. ఆ సమయంలో గాలానికి లాగిన చేప వదిలినా బతకదు. ఆ తర్వాత ఎలాగూ లీజు ముగిసే వలలు పడతాయి. మొత్తం మీద 18 ఆదివారాలు, పూట కూలి 2,700, ఇంటికి తెచ్చిన చేప పదకొండు కిలోల పైచిలుకు, దానికి దాదాపు 1,450, గాలాలు, దారం, బెండ్లకి 600. కాగితాలకి, తిరుగుడుకి ఇంకో 500. జూన్ 30తో పాత తీర్మానం చెల్లదు. ఈసారి సెప్టెంబరు దాకా ఆగకుండా, కొత్త లీజు రాసుకున్న మర్నాడే రామాలయం అరుగు మీదకి వెళ్తాను. ఈ లోపల తూటి పొదల దగ్గర ఎర్ర పిల్ల ఎప్పుడు తేలుతుందో ఫోను చేసి చెప్తానన్నాడు తాత.